తట్ట దించినవాడే కొనాలి

“తట్టమ్మ అంటే ఒక కాన్సెప్టండి. లోపల ఎవరున్నా ఒకటే.”

లోకనాథ్ ఒక యూట్యూబ్ చానల్‌తో ఈ మాట అన్నప్పుడు నేను తణుకులో మా వంటింట్లో వంకాయలు తరుగుతున్నాను. ఫోను మా అత్తగారు పాపాయమ్మ గారి చేతిలో ఉంది. ఆవిడ సౌండు పెంచి, “విన్నావా కళా, ఈ అబ్బాయి ఎంత మర్యాదగా మాట్లాడుతున్నాడో” అన్నారు.

విన్నాను. తరిగిన ముక్కలు ఉప్పునీళ్లలో వేయడం మర్చిపోయాను. అవి నల్లబడ్డాయి.

ఆ తట్టమ్మని నేనే. అత్తగారికి తెలియదు.

నిడదవోలు దగ్గర లోకనాథ్ వాళ్ల పొలంలో పాత మోటారు షెడ్డు ఒకటుంది. బ్యాండు అక్కడే పుట్టింది కాబట్టి దాని పేరు కూడా ‘మోటార్ షెడ్’. గిటారు లోకనాథ్ వాయిస్తాడు. డ్రమ్ములు నా కాలేజీ స్నేహితురాలు హెలెన్‌వి. వాటితోపాటు చెరకురసం బండి గజ్జెలు, చేటల చప్పుడు, ఆయిలింజను స్టార్టయ్యే ముందు దగ్గే దగ్గు కూడా వాళ్ల పాటల్లో ఉంటాయి. మా ఆయన సత్యప్రసాద్ మొదటిసారి విని, “ఇది పాటా, రిపేరా?” అని అడిగారు. అయినా నన్ను స్టేషన్లో దింపి రైలెక్కించేది ఆయనే. అత్తగారి లెక్కలో నేను మగ్గం వర్కు నేర్చుకోవడానికి నిడదవోలు వెళ్తున్నాను. “అమ్మకి తెలిసిన రోజున నేను ఊళ్లో ఉండను, ముందే చెప్తున్నా” అనేవారు ఆయన.

నేను పుట్టింది నరసాపురం అవతల, సముద్రం ఒడ్డు పల్లెలో. మా అమ్మ మరిడమ్మ నెత్తిన చేపల తట్ట పెట్టుకుని ఊళ్లు తిరిగి నన్ను బీకాం చదివించింది. సత్యప్రసాద్ వాళ్లు చేలూ తోటలూ ఉన్నవాళ్లు. కాలేజీలో పరిచయమై, పట్టుబట్టి పెళ్లి చేసుకున్నాం. అత్తగారు ఒప్పుకున్నారుగాని చుట్టాలకి మాత్రం “నరసాపురంలో వ్యాపారస్తులండి” అని చెప్పారు. అబద్ధమేమీ కాదు. ఏ వ్యాపారమని ఎవరూ అడగలేదు. మా వీధిలోకి చేపలావిడ వస్తే అత్తగారు నన్ను ఏదో ఒక పని చెప్పి లోపలికి పంపేవారు. బేరమాడితే నా నోట్లోంచి మా పల్లె బయటికొస్తుందని ఆవిడ భయం. ఆ భయంలో తప్పులేదు. నిజంగానే వచ్చేది.

మా పల్లెలో తట్ట అమ్మకానికి ఒక పద్ధతి ఉంది. అమ్మే మనిషి వాకిటి ముందు నిలబడి కేక వేస్తుంది. ఇంటి ఆడవాళ్లు ముందు “ఏం చేపే?” అని అడుగుతారు. చేప పేరు చెప్పాలి. తర్వాత “ఎవరి బోటే?” అని అడుగుతారు. బోటు ఎవరిదో చెప్పాలి. చెప్పలేకపోతే ఆ చేప ఏనాటిదో, ఏ ఐసుపెట్టెలోదో అని అర్థం. రెండు జవాబులూ కుదిరాక ఎవరో ఒకరు ముందుకొచ్చి, చెయ్యివేసి తట్ట దించుతారు. దించినవాళ్లు కొనకుండా వెళ్లకూడదు. ఎంతటివాళ్లయినా సరే.

ఒకసారి హెలెన్‌ని చూడటానికి షెడ్డుకి వెళ్లి, సరదాకి మా అమ్మ కేక వేసి వినిపించాను. లోకనాథ్ గిటారు పక్కన పెట్టేశాడు. “మళ్లీ అనండి” అన్నాడు. మొహం కనపడితే నేను పాడలేనన్నాను. అప్పుడు అమ్మ పాత తట్ట తెచ్చుకుని, కళ్ల దగ్గర వెదురు కోసి, తలమీంచి మెడ దాకా బోర్లించుకున్నాను. కింద వల ముక్క ఒకటి వేలాడదీశాను. తట్టమ్మ అలా పుట్టింది. లైట్ల వేడికి ఆ తట్టలోంచి ఏళ్లనాటి చేపల వాసన లేచేది. లోకనాథ్ డెటాల్‌తో కడగమన్నాడు. కడగలేదు. ఆ వాసన ముక్కుకి తగిలితేనే నా గొంతు విచ్చుకునేది.

ప్రతి ప్రోగ్రాం చివర్లో వాయిద్యాలన్నీ ఆగిపోతాయి. నేను కేక వేస్తాను: “తట్టొచ్చిందో... తట్టా!” జనం “ఏం చేపే తట్టమ్మా?” అని అరుస్తారు. ఆ రోజుల్లో ఏ చేప పడుతుంటే ఆ చేప పేరు చెప్పి దానిమీద పాట కడతాను. “దించేదెవరమ్మా?” అని అడిగేసరికి స్టేజీ మీద లైట్లు ఆరిపోతాయి. మా షోలో తట్ట ఎప్పుడూ దిగదు. రెండో ప్రశ్న, బోటు ప్రశ్న, లోకనాథ్ తీసేశాడు. “లెంగ్త్ ఎక్కువైపోద్దండి. పైగా ఎవరికి కావాలండి అది?” అన్నాడు.

తర్వాత అతను ఒక కొత్త పాట రాసుకొచ్చాడు. అందులో చేపలమ్మి తక్కెట్లో మోసం చేస్తుంది. బస్సులో ఆమె పక్కన కూర్చున్న మనిషి ముక్కు మూసుకుంటాడు. జనం కూడా తాళానికి ముక్కు మూసుకోవాలట.

“ఇది నేను పాడనండి” అన్నాను.

“కామెడీ అండి. ఫీలవకండి.”

“ఫీలవలేదండి. పాడనంటున్నాను.”

అతను నవ్వాడు. పై నెలలో రాజమండ్రిలో తట్టమ్మ ప్రోగ్రాం జరిగిందని అత్తగారి ఫోన్లోనే చూశాను. ఆ సాయంత్రం నేను ఇంట్లో ఇడ్లీకి పప్పు రుబ్బుతున్నాను. వీడియోలో తట్ట మెరుస్తోంది. ఫైబర్‌తో చేయించాడు. లోపల ఉన్నది అశ్విని అనే డాన్సు పిల్లని హెలెన్ చెప్పింది. గొంతు మాత్రం నాదే. రిహార్సల్స్‌లో రికార్డు చేసి పెట్టుకున్నదంతా వాడుతున్నాడు.

ఫోన్ చేశాను. అతను కోపగించుకోలేదు. అదే నాకు ఎక్కువ మండింది.

“మీ గొంతు మా హార్డ్ డిస్కులో భద్రంగా ఉందండి. మీకు శ్రమ కూడా తప్పింది.”

“అది నా గొంతని నేను చెప్తే?”

“చెప్పండి. ముందు మీ అత్తగారికి చెప్పండి మరి. ఆవిడ ఒప్పుకుంటే తర్వాత జనానికి చెప్దురుగాని.”

నేను ఎవరినీ తిట్టలేదు. ఇల్లు ఎప్పటిలాగే ఊడ్చాను, వేళకి వండాను. పప్పు మెదిపేటప్పుడు మాత్రం గుత్తి కాస్త గట్టిగా తిప్పాను. కోపాన్ని ఊరగాయలా ఉంచుకోవాలని మా అమ్మ అనేది. మూత తీసి అస్తమానం చూసుకుంటే బూజు పడుతుందట.

మే నెలలో మూత తీసే రోజు దానంతటదే వచ్చింది. లోకనాథే ఫోన్ చేశాడు. అత్తగారు హాల్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. నేను పెరట్లోకి వెళ్లి మాట్లాడాను.

“సూర్యకళ గారండీ, బాగున్నారా? మీ ఊరి జాతరకి మమ్మల్ని పిలిచారండి. తట్టమ్మ కావాల్సిందేనన్నారు కమిటీవాళ్లు. పాత సంగతులు మనసులో పెట్టుకోకండేం. ఒక్క సలహా చెప్పండి. నాలుగు రకాల చేపలకి మీ ట్రాకులున్నాయి. ఏది పెట్టమంటారు? పులస పెట్టేద్దామా?”

నన్ను పరీక్షిస్తున్నాడని తెలిసింది. ఎండాకాలంలో పులస ఉండదని గోదావరి నీళ్లు తాగిన ఎవరికైనా తెలుసు.

“పులస వద్దండి. నవ్వుతారు. వానలు పడి ఎర్రనీళ్లు వస్తేనే కదండీ పులస” అన్నాను.

“అదే నేనూ అనుకున్నానండి” అన్నాడు. గొంతులో అనుమానం పోయింది. “పోనీ ఎండుచేపల ట్రాక్?”

“జాతరకి ఎండుచేపలేం బాగుంటాయండి. పండగ కదా. వంజరం పెట్టండి. పెద్ద చేప. రాజసంగా ఉంటుంది.”

“థాంక్సండి. మీ మనసు మంచిదండి.”

ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా మా సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. మగవాళ్లు ఇళ్ల దగ్గరుంటారు కాబట్టే జాతర అప్పుడు చేస్తారు. ఆ రోజుల్లో అమ్మ తట్టలో ఎండు నెత్తళ్లు, ఉప్పుచేప తప్ప ఏమీ ఉండవు. అప్పుడు వచ్చి “ఇప్పుడే వల్లో పడ్డ వంజరం” అని కేకేస్తే, పస్తులున్న ఇంటి ముందు విస్తరి దులిపినట్టు. లోకనాథ్‌కి ఆ ఆలోచన రాదు. అతనుండే రాజమండ్రి మార్కెట్లో ఏ చేపైనా ఏడాది పొడుగునా ఐసులో దొరుకుతుంది.

హెలెన్‌కి మాత్రం ఒక మాట చెప్పాను. లాప్‌టాప్ నడిపేది తనే. “అతను ఏ ట్రాక్ వేయమంటే అదే వెయ్యి. వేశాక ఎవరు చెప్పినా ఆపకు.”

“ఏం చేస్తున్నావే?” అంది హెలెన్.

“జాతర చూడటానికి వస్తున్నాను.”

అంతా నేననుకున్నట్టే ఉంది, ఒక్కటి తప్ప. తట్టమ్మ వస్తోందని తెలిసి అత్తగారు కూడా బయల్దేరారు. పెళ్లయ్యాక మా పల్లెకి ఆవిడ రావడం అదే మొదలు. “మీ అమ్మగారిని చూసినట్టూ ఉంటుంది, ఆ మనిషి పాట విన్నట్టూ ఉంటుంది” అన్నారు. మా ఆయన నావైపు చూసి, కారు తాళాలు వెతుక్కునే నెపంతో పక్క గదిలోకి వెళ్లిపోయారు.

మేం వెళ్లేసరికి లోకనాథ్ ఒడ్డున వరసగా నిలిపిన బోట్ల ముందు సెల్ఫీలు తీసుకుంటున్నాడు. నన్ను చూసి దణ్ణం పెట్టాడు. అత్తగారిని చూసి మరింత వంగి పెట్టాడు. వంగినప్పుడు నావైపు ఓరగా చూసిన చూపులో ఉన్నది దణ్ణం కాదు.

పొద్దు వాలాక ప్రోగ్రాం మొదలైంది. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీల్లో నేను, నాకటూ ఇటూ అమ్మా, అత్తగారూ కూర్చున్నాం. మొదటి పాటలు బాగానే నడిచాయి. ఆయిలింజను దగ్గు వినపడగానే బోటువాళ్లు ఘొల్లుమన్నారు. “ఒరే, అప్పాజీ బోటురా ఇది! డీజిలు లేదు దాంట్లో!” అని ఎవరో అరిచారు. అత్తగారు కూడా నవ్వారు.

తర్వాత వాయిద్యాలు ఆగాయి. మెరిసే తట్ట స్టేజీ మీదికొచ్చింది. నా గొంతు స్పీకర్లలోంచి లేచింది.

“తట్టొచ్చిందో... తట్టా!”

ఊరంతా ఒక్క గొంతుతో అడిగింది: “ఏం చేపే తట్టమ్మా?”

“వంజరమో వంజరం! ఇప్పుడే వల్లో పడ్డ వంజరం!”

జనం తలలు ఒడ్డున నిలిపిన బోట్లవైపు తిరిగాయి. తర్వాత వెనకనుంచి ఒక ముసలావిడ లేచింది.

“ఎవరి బోటే?”

స్పీకర్లలో నా గొంతు వంజరం తోకని, వంజరం ముక్కల పులుసుని వర్ణిస్తోంది.

“నిన్నేనే! ఎవడి బోటే అంటున్నాను! మా బోట్లన్నీ ఇక్కడుంటే నీకు ఏ మొగుడు తెచ్చిచ్చాడే వంజరం?”

“మా పొయ్యిల్లో పిల్లి లేవడం లేదు, ఇది వంజరం పాడొచ్చిందిరా!”

“డబ్బులిచ్చి తిట్టించుకుంటున్నాంరోయ్!”

అశ్విని చేతులు తిప్పుతూ నాట్యం చేస్తూనే ఉంది. లోపల ఆ పిల్లకి ఏం వినపడుతోందో తెలియదు. ఎవరో గుప్పెడు ఇసుక విసిరారు. గిటారు పట్టుకున్న లోకనాథ్ మొహంలో మొదటిసారి మర్యాద చెదిరింది. నాకు కడుపు నిండినట్టయింది. దాచను. చాలా బాగుంది.

అప్పుడే మొదలైంది నేననుకోనిది.

“తట్టమ్మ నోరు పడిపోను!”

“ఇంకెప్పుడూ ఈ తట్టమ్మని ఊళ్లోకి రానివ్వకండిరా!”

వాళ్లు లోకనాథ్ పేరెత్తడం లేదు. అతనెవరో వాళ్లకి తెలియదు, అక్కర్లేదు. తిట్లన్నీ తట్టమ్మకే తగులుతున్నాయి. అంటే నాకు. లోపల ఎవరున్నా ఒకటేనని అతనన్న మాటని నేనే మా ఊరిచేత నిజం చేయిస్తున్నాను. రేపు ఉదయం లోకనాథ్ ఇంకో ముసుగు కుట్టించుకుంటాడు. చచ్చేది తట్టమ్మ.

అమ్మ తల తిప్పి నావైపు చూసింది. నేను చెప్పకుండానే అంతా గ్రహించేసింది.

“నువ్వే పెట్టమన్నావా వంజరం?” అంది మెల్లగా.

నేను తలూపాను.

“వాడిమీద కోపముంటే వాణ్ణి కొట్టవే. నా తట్టకెందుకే మచ్చ?”

ఇటుపక్క అత్తగారు ఉన్నారు. “ఏంటి గొడవ? ఏమంటున్నారు వీళ్లు?” అని నా చెయ్యి పట్టుకున్నారు. ఆ చెయ్యి విడిపించుకుని లేచాను. ఇల్లు గుర్తొచ్చింది, రైలు గుర్తొచ్చింది, మగ్గం వర్కు గుర్తొచ్చింది. మొహం మీద ఏమీ లేకుండా నలుగురి ముందు నేను ఎన్నడూ నోరెత్తలేదు. తట్ట వాసన లేదు. ఎండు నెత్తళ్ల వాసన మాత్రం అమ్మ చీరలోంచి వస్తోంది. అది చాలింది.

“తట్టొచ్చిందో... తట్టా!”

స్పీకర్లలో ఉన్న గొంతూ నా గొంతూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. జనం స్టేజీ వైపు చూశారు, నావైపు చూశారు, మళ్లీ స్టేజీ వైపు చూశారు. ఆ ముసలావిడే ముందుగా తేరుకుంది.

“ఏం చేపే?”

“ఎండు చేపే పెద్దమ్మా! గాలికెండిన నెత్తళ్లు, ఉప్పునెండిన సొర!”

“ఎవరి బోటే?”

ఆ ప్రశ్న నన్ను ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో. జవాబు దానంతటదే వచ్చింది.

“ఒడ్డెక్కిన బోటే! జూన్ దాకా దిగని బోటే! అప్పాజీ బోటు, నీ కొడుకు బోటు, ఈ ఊరి బోటే!”

“అది మరిడమ్మ కూతురురా!” అని ఎవరో అరిచారు. ఊరు ఊరంతా గోలపెట్టింది. ఈసారి ఆ గోల వేరు.

ఇక మిగిలింది లోకనాథ్. నేను స్టేజీ అంచుదాకా నడిచాను. అతను హెలెన్‌వైపు చెయ్యి ఊపుతున్నాడు, ఆపమని. హెలెన్ డ్రమ్ము బిగించుకుంటున్నట్టు తల వంచుకుంది.

“లోకనాథ్ గారండీ” అన్నాను. మర్యాదగానే అన్నాను. “పాపం, ఆ అమ్మాయి నెత్తిన తట్టతో నిలబడిపోయిందండి. మా ఊళ్లో తట్ట మోసే మనిషిని అలా నిలబెట్టకూడదండి. వచ్చి దించండి.”

“సూర్యకళ గారూ, ప్లీజండి, తర్వాత మాట్లాడుకుందాం...”

“దించు! దించు!” అని ఊరు తాళం వేసింది. ఇన్నాళ్లూ మా షోలో లైట్లు ఆరిపోయేది ఇక్కడే. జాతర లైట్లు కమిటీవి. అవి ఆరలేదు.

అతను రెండు చేతులతో తట్ట ఎత్తాడు. అశ్విని మొహం బయటపడింది. చెమటతో కాటుక కారిపోయింది. పెదాలు బిగించి ఉన్నాయి. స్పీకర్లు మాత్రం “వంజరమో వంజరం” అని పాడుతూనే ఉన్నాయి. మూసి ఉన్న ఆ నోటినీ, చేతిలో తట్టతో నిలబడ్డ లోకనాథ్‌నీ ఊరంతా తీరిగ్గా చూసింది. ఒకావిడ ముందుకొచ్చి ఆ ఫైబర్ తట్టని గోటితో కొట్టి, “బరువూ లేదు, వాసనా లేదు. దీన్ని మోయడానికి ఇంకో మనిషెందుకు బాబూ?” అంది.

ఆ పిల్లమీద నాకు కోపముందనుకున్నాను. లేదు. అమ్మ తనని కిందికి దింపి, సోడా ఇప్పించి, కొంగుతో మొహం తుడిచింది.

లోకనాథ్ తట్ట పక్కన పెట్టేసి మెట్లు దిగబోయాడు.

“ఎక్కడికండి?” అన్నాను. “దించినవాళ్లు కొనకుండా వెళ్లకూడదండి. ఇక్కడి పద్ధతి.”

బోటువాళ్లు దారికి అడ్డంగా నిలబడ్డారు. ఎవరూ చెయ్యి వేయలేదు. ఊరికే నిలబడ్డారు. అమ్మ ఇంట్లోంచి తన తట్ట తెచ్చి, ఎండు నెత్తళ్లు రెండు పెద్ద సంచుల్లో కట్టి అతని చేతికిచ్చింది. తూకం ఒకటికి రెండుసార్లు చూపించి డబ్బు తీసుకుంది. “తక్కెట్లో మోసం లేదు బాబూ, సరిగా చూసుకో” అంది. ఆ పాట సంగతి నేను అమ్మకి ఎప్పుడో చెప్పాను.

అతను అద్దాలు బిగించిన ఏసీ కారులో, మే నెల ఉక్కలో, ఆ సంచులతో రాజమండ్రి వెళ్లాడు. హెలెన్ వెనక సీట్లో కూర్చుంది. సంచులు దారిలో పారేస్తానని అతనంటే, “జాతర సరుకు పారేయకూడదండి, అరిష్టం” అని చెప్పిందట. అలాంటిదేమీ లేదు.

ఆ రాత్రి అమ్మ ఇంట్లోనే ఉండిపోయాం. అత్తగారు నాతో మాట్లాడలేదు. అమ్మ వడ్డించింది తిన్నారు, చాప మీద పడుకున్నారు. పొద్దున్నే కారెక్కాక కూడా మాట్లాడలేదు. మా ఆయన రోడ్డు తప్ప ఇంకేమీ చూడకుండా నడుపుతున్నారు. పాలకొల్లు దాటింది. మార్టేరు దాటింది.

“మగ్గం వర్కు” అన్నారు అత్తగారు.

“అవునండి” అన్నాను.

“ఇన్నాళ్లుగా ఒక్క జాకెట్టు కుట్టి చూపించలేదేంటా అనుకున్నాను.” కిటికీలోంచి చేలవైపు చూస్తూ అన్నారు. “నా ఇంట్లో ఉండి, నా ఫోన్లో నీ పాట నాకే వినిపిస్తుంటే నవ్వుకున్నావా?”

“లేదండి. భయపడ్డాను.”

“భయపడాల్సిందే. అది నేను ఇంటికెళ్లాక తేలుస్తాను. చుట్టాలకి ఏం చెప్పుకోవాలో కూడా నువ్వే చెప్తావు, నా తరఫున కాదు, నీ నోటితో.” ఆవిడ గొంతు గట్టిగానే ఉంది. క్షమించిన గొంతు కాదది.

తణుకు ఫ్యాక్టరీ పొగగొట్టం కనపడేసరికి నావైపు తిరిగారు.

“నిన్న వాడు నాకెందుకంత వంగి దణ్ణం పెట్టాడు?”

చెప్పాను. ముందు అత్తగారికి చెప్పి చూడమన్నాడని, ఆవిడంటే నాకున్న భయంతోనే నా నోరు కట్టేశాడని, మాట పొల్లుపోకుండా చెప్పాను.

అత్తగారు ముక్కుపుడక సర్దుకున్నారు.

“మీ అమ్మగారు వాడికి ఎన్ని సంచులిచ్చారు?”

“రెండండి.”

“నాలుగు అంటగట్టాల్సింది” అన్నారు.